వాడిన సైకిలు కొనుగోలు: ఫ్రేముతో మొదలయ్యే పరీక్ష

కొత్త సైకిలు కొన్నప్పుడు దాని మంచిచెడ్డలకు దుకాణదారూ తయారీ సంస్థా కొంతకాలం పూచీ పడతారు. ఒక గృహస్థు తన ఇంట్లో వాడిన సైకిలును మరొకరికి అమ్మినప్పుడు అటువంటి పూచీ ఏదీ ఉండదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టంలోని 16వ సెక్షను ప్రకారం, కొన్ని మినహాయింపులను పక్కన పెడితే, అమ్మకందారు నోటితోనో రాతతోనో చెప్పని హామీ అమ్మకంలో దానంతట అది ఇమిడి ఉండదు కాబట్టి, లోపాలను కనిపెట్టే భారం కొనేవారి మీదే పడుతుంది. ఈ భారం మోయడానికి మెకానిక్కుకు ఉన్నంత నైపుణ్యం అక్కర్లేదు. సైకిలు దాపరికం తక్కువ ఉన్న యంత్రం. దాని భాగాల్లో చాలావరకు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి, తిప్పి చూస్తే తమ స్థితిని తామే తెలియజేస్తాయి. వాటిని ఏ వరుసలో చూడాలో తెలియకపోవడం వల్లనే చాలామంది మెరిసే రంగుకూ కొత్త సీటు కవరుకూ గేర్ల సంఖ్యకూ లొంగిపోతారు. ఈ అధ్యాయం సూచించే వరుసకు ఆధారం ఒక్కటే: మార్చడానికి వీలులేని వాటిని ముందు చూడాలి, మార్చదగిన వాటిని ఆ తరువాత చూసి, వాటికయ్యే ఖర్చును ధరలోంచి తీసివేయాలి.

మార్చడానికి వీలులేనివి రెండు. మొదటిది ఫ్రేము, అంటే చక్రాలు, పెడళ్లు, సీటు, హ్యాండిల్ అన్నీ అమరి ఉండే గొట్టాల చట్రం. రెండోది ఆ ఫ్రేము కొలతకూ ఎక్కేవారి శరీరానికీ మధ్య ఉండవలసిన పొంతన. ఈ రెండింటిలో దేనిలో తేడా ఉన్నా, మిగిలిన సైకిలు ఎంత బాగున్నా, ఎంత చవకగా వచ్చినా వదులుకోవడమే వివేకం.

తెలుగు పట్టణాల్లో వ్యక్తుల దగ్గర దొరికే వాడిన సైకిళ్లు స్థూలంగా రెండు రకాలు. 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూథియానాలో మొదలైన హీరో వంటి సంస్థలు దశాబ్దాల పాటు తయారు చేసిన నల్లని బరువు సైకిళ్లు మొదటి రకం. పాలక్యాన్లూ కూరగాయల గంపలూ గడ్డిమోపులూ మోసినవి ఇవే. తేలికైన గొట్టాలు, గేర్లు, వెడల్పైన టైర్లు, కొన్నిటికి డిస్కు బ్రేకులు ఉండే సైకిళ్లు రెండో రకం. 2020 లాక్‌డౌన్ కాలంలో వ్యాయామం కోసం గేరు సైకిళ్లు కొన్న నగరవాసుల్లో పలువురు కొన్నాళ్లకే వాటిని బాల్కనీలకు పరిమితం చేయడం వల్ల, తక్కువగా తిరిగి ఎక్కువ కాలం నిలిచిపోయిన సైకిళ్లు అమ్మకానికి రావడం సాధారణమైంది. నల్ల సైకిలు అరిగి పాడవుతుంది. బాల్కనీ సైకిలు నిలిచి పాడవుతుంది. కనుక మొదటిదానిలో గోళీల (బాల్ బేరింగుల) అరుగుదలనూ, రెండోదానిలో ఎండకు బీటలిచ్చిన రబ్బరునూ గట్టిపడిన గ్రీజునూ తుప్పుపట్టిన తీగలనూ ముందుగా అనుమానించాలి.

పొంతనను చూడడం తేలిక, కాని ఎక్కువమంది దాటవేసేది దీన్నే. సైకిలు సైజు అనగానే చక్రం కొలత గుర్తుకు రావడం సహజమే గాని, పెద్దలకు ముఖ్యమైనది ఫ్రేము కొలత. అది సీటు కింద నిలువుగా ఉండే గొట్టం పొడవును సూచిస్తుంది. నల్ల సైకిళ్లు సాధారణంగా 22 లేదా 24 అంగుళాల ఫ్రేములతో వస్తాయి. అడ్డగొట్టానికి ఇరువైపులా కాళ్లు వేసి రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆన్చి నిలబడినప్పుడు గొట్టానికీ శరీరానికీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి; మట్టిదారుల కోసం చేసిన సైకిలుకైతే ఇంకా ఎక్కువ ఉండాలి. ఆ తరువాత సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద ఉంచి, పెడలు అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకొంటోందో లేదో చూడాలి. చాపుకోకపోతే సీటు పైకి జరపాలి. ఇక్కడే రెండు విషయాలు బయటపడతాయి: సీటు గొట్టం మీద చెక్కి ఉండే హద్దుగీత దాటి దాన్ని పైకి లాగవలసి వస్తే ఫ్రేము చిన్నదన్నమాట; నట్టు వదులు చేసినా గొట్టం కదలకపోతే అది లోపల తుప్పుతో పట్టేసిందన్నమాట. పట్టేసిన సీటు గొట్టాన్ని తీయడంలో ఫ్రేమే పాడైన సందర్భాలు ఉంటాయి కనుక దీన్ని చిన్న లోపంగా చూడకూడదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలికి ఏళ్ల తరబడి బయట నిలిచిన సైకిళ్ల విషయంలో ఈ పరీక్ష మరీ అవసరం. పిల్లల సైకిలు కొనేవారు ‘ఎదిగే పిల్లలు కదా’ అని పెద్ద సైజు తీసుకోవడం ప్రమాదకరమైన పొదుపు. పాదాలు నేలకు ఆనని పిల్లవాడు బ్రేకు వేసిన మరుక్షణం పక్కకు ఒరిగిపోతాడు. వాడిన సైకిలు తక్కువ ధరకే దొరుకుతుంది కాబట్టి సరైన సైజు ఇప్పుడు కొని, రెండేళ్ల తరువాత అమ్మి మరొకటి కొనడమే నిజమైన పొదుపు.

ఫ్రేము పరీక్షకు పగటి వెలుగు, ఒక పాతగుడ్డ, ఒక పురికొస, ఒక స్కేలు చాలు. మట్టి, జిడ్డు గుడ్డతో తుడిచిన తరువాతనే గొట్టాలు కలిసే అతుకులను చూడాలి, ఎందుకంటే పగుళ్లు దాదాపు ఎప్పుడూ అతుకుల దగ్గరే మొదలవుతాయి. హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం దగ్గర, పెడళ్ల ఇరుసు తిరిగే అడ్డకప్పు చుట్టూ, సీటు గొట్టం మొదట్లో, వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడుల దగ్గర గోరుతో నెమ్మదిగా రాసి చూస్తే, రంగు మీది గీతకూ లోహంలోని పగులుకూ తేడా గోరుకే తెలుస్తుంది. ముందు చక్రం గోడకో బండికో గట్టిగా గుద్దుకున్న సైకిలులో, ముందు గొట్టానికి కాస్త వెనకగా, కింది వాలుగొట్టం అడుగున రంగు ముడతలు పడి గాని లోహం కొద్దిగా ఉబ్బి గాని కనిపిస్తుంది. ఆ చోటును చూపుతో పాటు వేలితోనూ తడిమి పరీక్షించాలి. పక్క నుంచి చూసినప్పుడు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు సహజమైన వంపు పోయి వెనక్కు నొక్కుకున్నట్టు ఉంటే అదీ గుద్దుకున్న గుర్తే. ఫోర్కును వేరేది వేసుకోవచ్చు; ఫ్రేములో ముడత ఉంటే మాత్రం బేరం అక్కడితో ఆపాలి. ఒకే చోట కొత్తగా వేసిన రంగు, అతుకు మీద అతికించిన స్టిక్కరు కనిపించినప్పుడు వాటి కింద ఏముందో అడిగి తెలుసుకోవడం కొనేవారి హక్కు.

ఫ్రేము వంకరను కనిపెట్టడానికి పురికొస ఉపయోగపడుతుంది. వెనక ఇరుసు ఒక కొనకు కొస కట్టి, దాన్ని ముందు గొట్టం చుట్టూ తిప్పి, వెనక ఇరుసు రెండో కొనకు బిగుతుగా లాగి కట్టాలి. అప్పుడు నిలువు గొట్టానికి రెండు వైపులా పురికొసకు ఉన్న దూరాలను కొలిచి పోల్చాలి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు మించితే ఫ్రేము వెనకభాగం ఒక వైపుకు లాగినట్టే. ఇలాంటి సైకిలు చేతులు కాస్త వదులు చేయగానే ఒక పక్కకు పోతుంది. చక్రం ఎంత సరిచేసినా ఆ గుణం పోదు.

ఫ్రేము ఏ లోహమో తెలుసుకోవడానికి ఒక చిన్న అయస్కాంతం చాలు. అయస్కాంతం అతుక్కుంటే ఉక్కు. అతుక్కోకపోతే చాలావరకు అల్యూమినియం మిశ్రమం, దాన్నే దుకాణాల్లో అల్లాయ్ అంటారు. ఉక్కు బరువెక్కువ, తుప్పు పడుతుంది. అయినా అది విరిగే ముందు వంగి హెచ్చరిస్తుంది, పల్లెలోని వెల్డింగు షాపులోనైనా అతుకు పడుతుంది. అల్లాయ్ తుప్పు పట్టదు, తేలిక. కాని వేడిచేసి గట్టిపరచిన లోహం కావడం వల్ల మామూలు వెల్డింగుతో ఆ గట్టిదనం పోతుంది కాబట్టి పగిలిన అల్లాయ్ ఫ్రేమును అతికించి వాడడం సురక్షితం కాదు. కార్బన్ నారతో చేసిన ఖరీదైన ఫ్రేముల లోపలి దెబ్బ పైకి కనిపించకపోవచ్చు కనుక, వాటిని ఎరిగిన మనిషి తోడు లేకుండా అపరిచితుల దగ్గర కొనకపోవడమే మంచిది.

ఫ్రేము నిలిచిన తరువాత మిగిలిన పరీక్ష అంతా లెక్క కట్టడానికే. చక్రాన్ని పైకెత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందును చూస్తే చక్రం పక్కలకు ఊగుతోందా, పైకీ కిందికీ ఎగురుతోందా అనేది తెలుస్తుంది. పక్కలకు కొద్దిగా ఊగడాన్ని స్పోకులు బిగించి, వదులు చేసి సరిచేయవచ్చు. మెకానిక్కులు దీన్నే బెండు తీయడం అంటారు. గుంటలో పడి రిమ్ము ఒకచోట నొక్కుకుపోవడం వల్ల వచ్చే ఎగురుడు బెండు తీసినా పూర్తిగా పోదు, అక్కడ కొత్త రిమ్ము ఖర్చు రాసుకోవాలి. స్పోకులను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కుతూ చుట్టూ వస్తే వదులుగా ఉన్నవి, విరిగినవి దొరుకుతాయి. రిమ్మును పట్టుకుని ఎడమకూ కుడికీ ఊపినప్పుడు చక్రం మధ్యలో చప్పుడుతో కూడిన కదలిక ఉంటే కోనులు, అంటే గోళీలను ఒత్తి ఉంచే శంకువు ఆకారపు నట్లు, వదులయ్యాయో అరిగాయో అయి ఉండాలి. బ్రేకులు రిమ్మును ఒత్తే సైకిలులో రిమ్ము పక్కగోడను వేలితో తడమాలి. లోపలికి గుంటపడినట్టు తగిలితే దాని ఆయుష్షు తీరినట్టే, అలాంటి రిమ్ము గాలి ఒత్తిడికి చీలిపోగలదు.

టైరు విషయంలో పైన అచ్చు వేసిన అంగుళాల కొలతను నమ్మి నష్టపోయేవారు ఎక్కువ. నల్ల సైకిలుకు వేసే 28 × 1½ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. 700సీ అని పిలిచే, కొన్నిసార్లు 28 అనే రాసి ఉండే గేరు సైకిలు టైరుకు అది 622 మిల్లీమీటర్లు. రెండూ 28 అంగుళాలవే అనిపించినా ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. అలాగే 26 అంగుళాల టైర్లలో 559 కొలతవీ 590 కొలతవీ వేర్వేరు. టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాలతో ఉండే ఈ మూడంకెల సంఖ్యను రాసుకుని, ఆ కొలత టైరు దగ్గర్లోని సైకిలు షాపులో దొరుకుతుందో లేదో కొనకముందే అడగాలి. నల్ల సైకిలు టైరు మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది. అరుదైన కొలత టైరు కోసం నగరం నుంచి తెప్పించుకోవలసి వస్తే ఆ తిప్పలు కూడా ధరలో భాగమే.

చైను పరీక్ష వాడిన సైకిలు చరిత్రను అన్నిటికంటే నిజాయితీగా చెబుతుంది. చైనులోని ఒక రివెట్టు మధ్య నుంచి తరువాతి రివెట్టు మధ్యకు సరిగ్గా అర అంగుళం. అంటే కొత్త చైనులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు తూగుతాయి. రివెట్లు, వాటి చుట్టూ ఉన్న భాగాలు అరిగేకొద్దీ ఈ పొడవు పెరుగుతుంది. దాన్నే చైను సాగడం అంటారు. స్కేలు సున్నాను ఒక రివెట్టు మధ్యన ఆన్చి చూసినప్పుడు 24వ లంకె రివెట్టు 12 అంగుళాల గీతను అంగుళంలో 16వ వంతు దాటితే చైను మార్చాలి. 8వ వంతు దాటితే చైనుతో పాటు వెనక ఫ్రీవీలు పళ్లు కూడా అరిగి ఉంటాయి. ఫ్రీవీలు అంటే తొక్కడం ఆపినా చక్రం తిరగడానికి వీలిచ్చే పళ్లచక్రం. అరిగిన పళ్లకు కొత్త చైను వేస్తే ఎగుడుదారిలో గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది, అంచేత రెండూ కలిపి మార్చక తప్పదు. ముందున్న చైన్‌వీలు పళ్లు ఒకే వైపుకు వాలి రంపపు పళ్లలా సూదిగా తేలితే దాన్నీ లెక్కలో కలపాలి. స్కేలు చూపే అరుగుదలతో అమ్మకందారు మాటను పోల్చవచ్చు: ‘ఎప్పుడూ తొక్కలేదండీ, కొన్నది కొన్నట్టే ఉంది’ అన్న సైకిలు చైను బాగా సాగి ఉంటే, ఆ మనిషి చెప్పిన మిగతా మాటలను కూడా మరోసారి తూచుకోవాలి.

రెండు క్రాంకులనూ, అంటే పెడళ్లు బిగించిన చేతులను, పట్టుకుని పక్కకు ఊపితే ఇరుసు కప్పుల్లోని వదులు తెలుస్తుంది. నల్ల సైకిలులో క్రాంకును ఇరుసుకు బిగించే కాటరు పిన్ను అరిగితే తొక్కిన ప్రతి చుట్టులో పాదం కింద ఒక చిన్న జారుడు తగులుతుంది. పిన్ను చవకైనదే, మార్చడం తేలికే. గేరు సైకిలులో మాత్రం వదులైన క్రాంకుతో చాలాకాలం తొక్కి ఉంటే దాని రంధ్రమే పాడై, ఎంత బిగించినా నిలవదు. ముందు బ్రేకు నొక్కి పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు హ్యాండిల్ కింద టక్కుమంటే అక్కడి కప్పులను బిగించాలి; ముందు చక్రం ఎత్తి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఆగితే కప్పుల్లో గోళీల గుంటలు పడ్డాయని అర్థం, వాటిని మార్చాలి.

బ్రేకు తీగలు, రబ్బర్లు, సీటు, పెడళ్లు వంటివి చవకగా మారతాయి కనుక వాటి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ద్రవంతో పనిచేసే డిస్కు బ్రేకు మీట మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తే దాన్ని సరిచేయగల మెకానిక్కు ఊళ్లో ఉన్నాడో లేడో ముందు విచారించాలి. చవక సైకిళ్ల స్ప్రింగు ఫోర్కులు బరువు పెంచడం తప్ప పెద్దగా మేలు చేయవు. రోడ్డు మీద తొక్కదలచినవారికి మామూలు ఫోర్కు ఉన్న సైకిలే మేలైన ఎంపిక.

ఇవన్నీ అయ్యాక తొక్కి చూడాలి. అమ్మకందారుకు నమ్మకం కలగడానికి కొనేవారు తమతో తెచ్చిన బండినో వెంట వచ్చిన మనిషినో అక్కడ ఉంచి, కనీసం పావుగంట, వీలైతే ఒక ఎగుడుదారి కలిసేలా తొక్కాలి. ప్రతి గేరూ మార్చాలి, ఎక్కుడులో బలంగా తొక్కాలి, దిగుడులో రెండు బ్రేకులనూ విడివిడిగా వేయాలి.

సైకిలు ఎంత బాగున్నా అది అమ్మేవారి సొత్తు కాకపోతే కొనుగోలు నిలవదు. మోటారు వాహనాలకు ఉన్నట్టు సైకిలుకు రిజిస్ట్రేషను పత్రం ఉండదు కాబట్టి దొంగసొత్తు చేతులు మారడం తేలిక. సరకుల విక్రయ చట్టం 27వ సెక్షను ప్రకారం అమ్మినవారికి లేని హక్కు సాధారణంగా కొన్నవారికి రాదు. అసలు యజమాని వస్తే సైకిలు పోతుంది, డబ్బు కోసం అమ్మినవాణ్ని వెతుక్కోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని, కపటబుద్ధితో తీసుకున్నవారికి 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కనుక ఫ్రేము సంఖ్యను తప్పక చూడాలి. అది ఎక్కువగా పెడళ్ల ఇరుసు కప్పు అడుగున, కొన్నిటికి సీటు కింది నిలువు గొట్టం మీదనో వెనక గాడుల దగ్గరో చెక్కి ఉంటుంది. ఆ సంఖ్యను రాకి చెరిపినట్టు ఉంటే వెనుదిరగాలి. బిల్లు దొరికితే సంఖ్యను దానితో సరిచూడాలి. బిల్లు లేకపోవడం ఒక్కటే నేరానికి గుర్తు కాదు, ఇళ్లలో పాత బిల్లులు ఎవరూ దాచరు. అప్పుడు తేదీ, ఫ్రేము సంఖ్య, ధర, ఇద్దరి పేర్లు, సంతకాలతో ఒక కాగితం రాయించుకోవాలి. నిజమైన యజమాని దీనికి అభ్యంతరం చెప్పడు. డబ్బును యూపీఐ ద్వారా పంపితే చెల్లింపుకు సాక్ష్యం మిగులుతుంది. సైకిలును కళ్లారా చూడకముందే, బదిలీ అయిందనో రవాణా ఖర్చనో చెప్పి బయానా పంపమనే అమ్మకందారుకు ఒక్క రూపాయి కూడా పంపకూడదు.

ధర నిర్ణయానికి ముందుగా అదే నమూనా, అది రాకపోతే దానికి సమానమైనది, ఇప్పుడు కొత్తగా ఎంతకు దొరుకుతుందో తెలుసుకోవాలి. ఉదాహరణకు కొత్తది 16,000 రూపాయలనుకుందాం. బాగా చూసుకున్న వాడిన సైకిలుకు అందులో సగం, అంటే 8,000 దాటి ఇవ్వకపోవడం మంచి హద్దు. పరీక్షలో తేలిన టైర్లు, చైను, ఫ్రీవీలు, విడగొట్టి శుభ్రం చేసి గ్రీజు పెట్టే ఓవర్‌హాలింగు కలిపి 3,000 అవుతాయని షాపులో చెబితే, అడగవలసిన ధర 5,000. అమ్మకందారు 6,500కే పట్టుబడితే సైకిలు నిజమైన ఖరీదు 9,500 అవుతుంది. కొత్తదానికీ దానికీ ఉన్న తేడా 6,500 మాత్రమే. దుకాణం పూచీని వదులుకోవడానికి అది చాలునా అనేది అప్పుడు ఆలోచించుకోవచ్చు.

బేరమాడే తీరు కూడా ఈ లెక్కలోంచే రావాలి. వస్తువును తీసిపారేస్తూ మాట్లాడితే అమ్మేవారి మనసు నొచ్చుకుంటుంది, పైగా ధర తగ్గదు. చాలా సైకిళ్ల వెనక ఎదిగి వెళ్లిపోయిన పిల్లలో, తొక్కలేని వయసుకు వచ్చిన తండ్రో ఉంటారు. ‘చైను, వెనక టైరు మార్చాలండీ, షాపులో ఇంత చెప్పారు, అది తీసి మాట్లాడుకుందాం’ అన్న మాటలో నింద ఉండదు, ఆధారం ఉంటుంది. పరీక్షకు ముందే ‘ఎప్పుడు కొన్నారు, ఏ భాగాలు మార్పించారు, ఎప్పుడైనా గట్టిగా పడిందాండీ’ అని అడిగి ఉంటే, లోపం చూపించినప్పుడు మొహమాటం ఇద్దరికీ తగ్గుతుంది.

కొన్న సైకిలును నేరుగా ఇంటికి కాక సైకిలు షాపుకు తీసుకువెళ్లి, చక్రాలు, ఇరుసు, హ్యాండిల్ కప్పులు విప్పించి పాత గ్రీజు తీసి కొత్తది పెట్టించాలి. బ్రేకు తీగలు, రబ్బర్లు ఎలా ఉన్నా కొత్తవి వేయించాలి. కొత్తగా బిగించిన స్పోకులూ క్రాంకు నట్లూ మొదటి వంద కిలోమీటర్లలో కొద్దిగా సర్దుకుంటాయి కాబట్టి, ఆ దూరం తిరిగాక మరోసారి అదే మెకానిక్కు చేత బిగింపులు చూపించుకోవాలి.